ప్లగ్గు మీది నలుపు

డిసెంబర్ 3, నస్పూర్

అక్క వాళ్ల క్వార్టర్‌కు వచ్చాను. పది రోజులుంటానని చెప్పాను. మా పేపరు కరీంనగర్ ఎడిషన్ మూసేసిన సంగతి చెప్పలేదు, సెలవు పెట్టానన్నాను. జమునే పంపించింది. "పగలంతా గోడల దిక్కు చూస్కుంట కూసునే బదులు మీ అక్క దగ్గరన్న ఉండు పో" అని బస్టాండు దాకా వచ్చి దిగబెట్టింది. భార్య మాట విన్నందుకు ఇది నమోదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఒక బండి ఉంది. పోయిన ఫిబ్రవరిలో హుస్నాబాద్ దగ్గర మట్టి ట్రాక్ రేసులో అక్క కూతురు అనసూర్య పడిపోయిన బండి. టార్పాలిన్ మీద దుమ్ము ఎంత ఉందంటే వేలితో పేరు రాయొచ్చు. రాశాను.


డిసెంబర్ 4

కొమురెల్లి బావ గనిలో ఫిట్టర్. ఏది పాడైనా ముందు విప్పుతాడు, తర్వాత ఆలోచిస్తాడు. మిక్సీ, ఫ్యాను, పక్కింటివాళ్ల వాషింగ్ మెషీన్, అన్నీ అయ్యాయి. ఇవాళ నా ఫోన్ ఛార్జర్ విప్పాడు. అది బాగానే పనిచేస్తుండేది.

అట్లాంటి మనిషి ఆ ఇంజిన్‌ను పది నెలలుగా విప్పలేదు. పడ్డప్పుడు బిగుసుకుపోయింది, అలాగే తెచ్చి పెట్టాడు.

ఎందుకు విప్పలేదని అడిగాను.

"ఏమున్నది అండ్ల చూసేటందుకు? పోరి భయపడి బ్రేకు తొక్కింది. ఎనక చక్రం పట్టుకున్నది, పడ్డది. గంతే."

చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదాడు. తర్వాత బస్సు ఛార్జీల గురించి మాట్లాడాడు.


డిసెంబర్ 6

అనసూర్యను అడిగాను. మంచిర్యాలలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. రక్తం, కఫం పరీక్షలు చేస్తుంది. రేసులో పడ్డప్పుడు విరిగిన ఎముక అతుక్కుంది, మెడ కింద ఎడమవైపు చిన్న బుడిపె మిగిలింది.

"బ్రేకు తొక్కినవా బిడ్డా?"

"తొక్కిన్నట మామ."

"తొక్కిన్నట అంటే?"

"బాపు అన్నడు. చూసినోళ్లందరు అన్నరు. అప్పుడైతే తొక్కలేదనే అన్న. ఇగ ఇంతమంది చెప్తుంటె తొక్కిననే అనుకుంటున్న."

పాతికేళ్ల విలేకరి పనిలో చాలామంది సాక్షులను చూశాను. చుట్టుపక్కలవాళ్లు చెప్పింది విని తన జ్ఞాపకాన్ని దిద్దుకునే సాక్షి ఒక రకం. అబద్ధం చెప్పడు, నిజమూ చెప్పడు.

ఇంకో విషయం. ఆమె బాపు బండి మీద డ్యూటీకి పోతుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉన్నాయి. రోడ్డు ఖాళీగా ఉంది, గేరు మార్చే అవసరం లేదు, అయినా తీయలేదు. సాయంత్రం ఎందుకని అడిగితే తన చేతి దిక్కు తానే చూసుకుంది.

"ఏమో. ఇంజిన్ ఎప్పుడు పట్టేస్తదో ఎవరికెర్క? క్లచ్ గుంజితె చక్రం అన్న తిరుగుతది గద."

బ్రేకు తొక్కి పడ్డ మనిషి బ్రేకుకు భయపడాలి. ఇంజిన్‌కు ఎందుకు భయపడుతుంది?


డిసెంబర్ 9

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ రేసు ఉంది. పోతానని అన్నం దగ్గర అనసూర్య అన్నది. బావ ప్లేటు పక్కకు జరిపాడు.

"మల్ల గక్కడ్నే పడతందుకా?"

"పడితె పడత. ఒక్కసారన్న ఆడిదాక పొయ్యి చూడాలె. నాకు నేను తెల్వాలె బాపు, బ్రేకు తొక్కుతనో తొక్కనో."

"దాన్ని జర నువ్వన్న ఆపు" అన్నట్టు అక్క నా దిక్కు చూసింది. నేను ఆపలేదు. బండిని మళ్లీ రేసుకు తయారు చేయడం మీద కథనం రాస్తానన్నాను, మొదటి బోల్టు నుంచి చివరి దాకా.

బావ ప్లేటు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, "ఫొటో వేస్తరా?"

"వేస్తరు."

"కలర్లనా?"

"కలర్లనే."

"అయితె మీసం రంగెయ్యాలె" అన్నది అక్క.

అట్లా ఒప్పుకున్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. వేస్తారన్నాను. ఎవరు వేస్తారో ఆయన అడగలేదు.

ఒక్క షరతు పెట్టాడు. "ఇంజిన్ మటుకు నేను విప్ప. కరీంనగర్ల ముకర్రం తోని విప్పించు. నాకు డ్యూటీలున్నయ్." ఛార్జర్ విప్పిన రోజు కూడా డ్యూటీ ఉంది.


డిసెంబర్ 12, కరీంనగర్

ఇంజిన్‌ను గోనెసంచిలో కట్టి బస్సెక్కాను.

"ఏముంది సంచిల?" కండక్టర్.

"ఇంజిన్."

"నడుస్తదా?"

"నడువది."

"మా బస్సుది గూడ గట్లనే ఉన్నది. లగేజి టికెట్టు తీస్కో."

ముకర్రం సిలిండర్లకు బోర్ కొడతాడు, అంటే లోపలి గోడ చెక్కి నునుపు చేస్తాడు. లేత్ మిషన్ కన్నా ఆయన గొంతే పెద్దది. "జర జరుగుండ్రి సార్, సుత్తి తగుల్తది" అంటూ కట్టె ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టి పిస్టన్ బయటికి తీశాడు. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు. అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు అంటుకుంది. ఫొటోలు తీసుకున్నాను.

"గిది బ్రేకు తొక్కితె అయ్యే పని గాదు. బ్రేకు తొక్కితె ఇంజిన్ ఊకె ఆగుతది, గిట్ల చెంపలు గీరుకుంటదా? పిస్టన్ వేడికి ఉబ్బింది, పొయ్యి సిలిండర్‌కు అలాయ్ బలాయ్ ఇచ్చింది. ఇంజిన్ ఆగితె చైన్ ఆగింది, చైన్ ఆగితె చక్రం ఆగింది."

"మరి ఎందుకు వేడెక్కింది?"

"పెట్రోల్ల ఆయిల్ తక్కువ కలిపిండ్రు. ఇంకేముంటది? మీ బావ ఒట్టి కంజూస్."

అనసూర్య బ్రేకు తొక్కలేదు. ఒక్క సాక్ష్యంతో రాయకూడదు. అయినా ఇక్కడ రాస్తున్నాను.


డిసెంబర్ 13

బావకు ఫోన్ చేశాను. గీతల సంగతి చెబితే ఊ కొట్టాడు. ఆయిల్ సంగతి చెప్పేసరికి గొంతు లేచింది.

"ఎవడు, ముకర్రమా? వానికేమెర్క? నేను కలిపిన డబ్బల్నే గోదావరిఖని నాగరాజు గూడ పోస్కున్నడు. వాని బండి రేసు మొత్తం ఉరికింది. పొయ్యి అడుగు."

నాగరాజును అడిగాను. నిజమే. ఒకే డబ్బా పెట్రోలు, ఒకే ఆయిలు. రెండో స్థానంలో వచ్చాడు.

బ్రేకు కాదు. ఆయిల్ కాదు. అయితే ఏమిటి? కథనానికి ఇది కావాలి. కథనం కోసమే అడుగుతున్నాను.


డిసెంబర్ 27, నస్పూర్

పది రోజులు ఎప్పుడో అయిపోయాయి. అక్క ఏమీ అడగడం లేదు.

కొత్త పిస్టన్ పడింది. ముకర్రం హెడ్డు, అంటే సిలిండర్ మీది మూత, కొంచెం చెక్కి ఇచ్చాడు, పేలుడు బలం పెరుగుతుందట. ఇక్కడికి తెచ్చాక మిగతాదంతా బావే చేస్తున్నాడు. లైట్లు, మడ్‌గార్డులు పీకేశాడు. వెనక పెద్ద పళ్ల చక్రం, మట్టిని పట్టే బుడిపెల టైర్లు. సైలెన్సర్‌ను రేకు కోసి, మధ్యలో పొట్టలా వచ్చేట్టు తానే వెల్డింగ్ చేశాడు. ఎక్కువ గాలి లాగాలని ఫిల్టర్ డబ్బా తీసేసి కార్బొరేటర్ మూతికి ఒక పలచని జాలీ మాత్రం కట్టాడు. పోయినసారి రేసుకూ అట్లాగే కట్టాడట.

కిక్కు కొడితే రెండు వీధుల కుక్కలు మొరిగాయి. బావ నవ్వడం ఇక్కడికి వచ్చాక మొదటిసారి చూశాను.


డిసెంబర్ 29

ఇవాళ స్పార్క్ ప్లగ్గు చూడడం నేర్చుకున్నాను.

బండిని పూర్తి వేగంతో ఉరికించాలి. ఉరుకుతుండగానే ఇంజిన్ బంద్ చేసి, క్లచ్ గుంజి, అట్లాగే దొర్లించి ఆపాలి. వెంటనే ప్లగ్గు ఊడదీసి రంగు చూడాలి. గోధుమ రంగుంటే సరిగ్గా ఉన్నట్టు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. తెల్లగా ఉంటే తక్కువ. తక్కువైతే ఇంజిన్ కాలిపోతుంది. ఎంత పోవాలో నిర్ణయించేది కార్బొరేటర్‌లో జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్క, దాని మధ్య సన్నని చిల్లి. చిల్లి చిన్నదైతే పెట్రోలు తక్కువ.

అనసూర్య గని మట్టిగుట్టల పక్క రోడ్డు మీద ఉరికించింది. బొగ్గు లారీలు పోయే రోడ్డు, పొద్దున పూట ఖాళీగా ఉంటుంది. ప్లగ్గు నల్లగా వచ్చింది.

"బాగ తాగుతున్నది" అని బావ చిన్న జెట్టు వేశాడు. మళ్లీ నలుపే. ఇంకా చిన్నది. ఈసారి నలుపు కొంచెం తగ్గింది.

"పోయినసారి గూడ గింతే. ఇంకొకటి మార్చితె దార్లకొస్తది."

పోయినసారి కూడా ఇట్లాగే చిన్న జెట్లు వేసుకుంటూ వెళ్లాడన్నమాట. పెట్రోలు తక్కువైతే ఇంజిన్ కాలుతుందని ఈయనే చెప్పాడు. కానీ ప్లగ్గు నల్లగా ఉంది కదా. ప్లగ్గు అబద్ధం చెబుతుందా?


జనవరి 2

అక్క ఆరేసిన తెల్ల బనీను తీసి చూపించింది. నాది. బూడిద రంగులో ఉంది.

"ఈడ గింతే తమ్మీ. మీ బావ తెల్లయి కొనుడే బంజేసిండు."


జనవరి 5

ప్లగ్గును జేబురుమాలుతో తుడిచాను. నల్లని పొడి అంటింది. వసారా కటకటాలను రుమాలు ఇంకో మూలతో తుడిచాను. అక్కడా నల్లని పొడే.

ముకర్రంకు ఫోన్ చేశాను. పెట్రోలు ఎక్కువైనప్పుడు వచ్చే నలుపు ఎట్లా ఉంటుంది?

"తడితడిగ, జిడ్డుజిడ్డుగ ఉంటది సార్. ఆయిల్ ఉంటది గద."

ఇది పొడిగా ఉంది. ఒకలా ఉండడం వేరు, ఒకటే కావడం వేరు. మరకలు చూసి వార్త రాయలేను.


జనవరి 7

రుమాలుకు అంటిన ఆ రెండు పొడులనూ వేర్వేరు కాగితం పొట్లాలు కట్టి అనసూర్యకు ఇచ్చాను. మీద ఒకటి, రెండు అని మాత్రమే రాశాను. "మీ మైక్రోస్కోపు కింద పెట్టి చూడు, ఎక్కడివో అడగకు" అన్నాను.

సాయంత్రం వచ్చి బండి స్టాండు వేయకముందే మొదలుపెట్టింది. "రెండు ఒక్కటే మామ. మసి గాదు. మసి అయితె మెత్తగ గుంపులు గుంపులు ఉంటది. గివి పలిగిన అద్దం లెక్క అంచులున్న ముక్కలు. బొగ్గు. రెండో దాంట్ల కొన్ని సగం కాలినయ్. ఎక్కడియి?"

"మొదటిది మీ కటకటాలది."

"రెండోది?"

చెప్పాను.

మెట్ల మీద కూర్చుంది. హెల్మెట్ తీయలేదు. లెక్క ఆమే చేసుకుంది, నేను ఒక్క మాటా కలపలేదు. ఇక్కడి గాలిలో బొగ్గు. జాలీలోంచి అది ఇంజిన్‌లోకి పోతే ప్లగ్గు నల్లబడుతుంది. నలుపు చూసి బాపు పెట్రోలు తగ్గిస్తూ పోతాడు. ఈ రోడ్డు మీద చిన్న పరుగే కాబట్టి తట్టుకుంటుంది. హుస్నాబాద్‌లో రేసు మొత్తం ఉరికితే పెట్రోలు చాలక పిస్టన్ ఉబ్బుతుంది.

"అంటే నేను బ్రేకు తొక్కలే."

"తొక్కలే."

"నాకు యాదికున్నదే నిజమన్నట్టు."

"అవును."

చాలాసేపటికి హెల్మెట్ తీసింది. "బాపుకు చెప్పకు మామ. ముప్పై ఏండ్లు బొగ్గుల పనిజేసిన మనిషి. బొగ్గునే గుర్తుపట్టలేదంటె ఎట్లుంటది ఆయనకు?"


జనవరి 8

చెప్పలేదు.


జనవరి 9

చెప్పలేదు. బావ డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు, కానీ పడుకున్నాడు.


జనవరి 11

కలెక్టర్ల మీద రాశాను. ఎమ్మెల్యేల మీద, ఇసుక కాంట్రాక్టర్ల మీద రాశాను. ఎదురుగా కూర్చుని నా ప్లేటులో పప్పు వడ్డించే మనిషి మీద ఎప్పుడూ రాయలేదు. చెప్పడం నా పని కాదు, నమోదు చేయడమే నా పని అని పొద్దున రాయబోయి ఆగిపోయాను.

ఎందుకంటే ఇవాళ బావ ఇంకా చిన్న జెట్టు వేశాడు. ప్లగ్గు గోధుమ రంగులో వచ్చింది. దాన్ని ఇంటింటికీ తీసుకుపోయి చూపించాడు. పోయిన ఏడాది వేసిన జెట్టు అదే.

అనసూర్య కూడా చూసింది. ఊరుకుంటే ఆమె ఆ జెట్టుతోనే ట్రాక్ మీదికి పోతుంది.

"నేనే చెప్త" అన్నాను.

"నువ్వు చెప్తె కొట్లాటైతది. నేను చెప్తె ఏడుస్తడు" అన్నది. "ప్లగ్గే చెప్పాలె."


జనవరి 19

బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని చొప్పదండి పోయాం. హుస్నాబాద్ గ్రౌండు అసొంటి గాలిల ఒకసారి చూసుకుందాం బాపు, అని అనసూర్య అడిగింది. బావ ఎదురు చెప్పలేదు. అప్పుడు నాకు వింతగా అనిపించింది.

రోడ్డుకు రెండువైపులా యాసంగి నాట్లు. మడిలో ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు.

"గా బండికి సైలెన్సర్ ఊడిందా ఏంది పిల్లా?" అని ఒకామె అరిచింది.

"గదే పెద్దమ్మా, మా బాపు అతుకుపెట్టిండు!"

తూములు దాటి పోయి, తిరిగి పూర్తి వేగంతో వచ్చింది. ఇంజిన్ బంద్ చేసి దొర్లిస్తూ మా ముందు ఆపింది. బావ ప్లగ్గు ఊడదీశాడు.

సున్నం రంగు.

"ప్లగ్గు ఖరాబున్నది" అని కొత్తది వేశాడు. మళ్లీ ఉరికించింది. మళ్లీ సున్నం రంగే. ఈసారి కొస మీద చిన్న మెరుపు చుక్కలున్నాయి. అవి పిస్టన్ లోహమని ముకర్రం దుకాణంలో నేర్చుకున్నాను. నేను చెప్పే పని లేదు, బావ వాటినే చూస్తున్నాడు.

అనసూర్య మెల్లగా అన్నది. "బాపు, ఈడ బొగ్గు లేదు."

బావ ప్లగ్గును తిప్పి చూసుకున్నాడు. వేడిగా ఉన్నా చేతి నుంచి వదల్లేదు. రోడ్డు అంచున కూర్చున్నాడు.

"పోయినేడు పడ్డప్పుడు నేను గేటు కాడ ఉన్న" అన్నాడు. "ఇంజిన్ సప్పుడు ముందు ఆగింది. అటెంక చక్రం జారింది. నేను ఇన్న."

"మరి ఎందుకు విప్పలేదు బావా?" అన్నాను.

"విప్పితె తెలుస్తదని."

"ఏం తెలుస్తదని?"

"పోరిని ఎవలు పడేసిండ్రో."

మడిలో ఆడవాళ్లు మళ్లీ వంగి నాట్లు వేస్తున్నారు. అనసూర్య బాపు పక్కన కూర్చుని చేతిలోంచి ప్లగ్గు తీసుకుంది. వేలు కాలి, "అబ్బ" అని కింద పడేసింది.

"ఏడాదంత నన్ను బ్రేకు బ్రేకు అని తిట్టినవు గద" అన్నది. కోపంగానే అన్నది. "పక్కింటి కోమల ముంగట గూడ తిట్టినవు."

"తిట్టిన."

"పొయ్యి చెప్పు కోమలకు."

"చెప్త."

"అందరికి చెప్పు."

"చెప్త బిడ్డా."

"ఇగ ఏడువకు. పెద్ద జెట్టు ఉన్నదా?"

బావ కళ్లు తుడుచుకుని చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీశాడు. పెద్ద జెట్టు. దాన్ని ఎప్పుడు జేబులో వేసుకున్నాడో నేను అడగలేదు.

"నువ్వే పెట్టు" అని స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాడు. ఆమె కార్బొరేటర్ కింద చెయ్యి పెట్టి తడుముతుంటే రెండుసార్లు చెప్పబోయి నోరు మూసుకున్నాడు. మూడోసారి ఆగలేకపోయాడు. "అటు గాదు, ఎడమకు."

"నాకు ఎర్క!"

మూడో పరుగులో ప్లగ్గు గోధుమ రంగులో వచ్చింది.


జనవరి 20

బావ గాలి ఫిల్టర్ డబ్బాను వెతికి మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం చెప్పులు వేసుకుని పక్కింటికి పోయాడు. ఏం చెప్పాడో వినలేదు. వచ్చేటప్పుడు వాళ్ల మిక్సీ చంకలో పెట్టుకుని వచ్చాడు.


ఫిబ్రవరి 1

కథనం రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం కుదరలేదు.


ఫిబ్రవరి 16, హుస్నాబాద్

మట్టి గ్రౌండు. తాళ్లు కట్టి జనాన్ని ఆపారు. అనసూర్య ఒక్కతే అమ్మాయి. మైకులో ఆమె పేరు ముందు రెండుసార్లు తప్పు చదివారు.

బావ, నేను పోయినేడు ఆమె పడ్డ మలుపు దగ్గర నిలబడ్డాం. చోటు ఆయనే చూపించాడు.

మొదటి చుట్టులో ఆమె చివరి నుంచి మూడోది. మా ముందు నుంచి పోయినప్పుడు చేయి చూశాను. రెండు వేళ్లు క్లచ్ మీదే. రెండో చుట్టులోనూ అంతే. నాగరాజు ముందున్నాడు.

బావ అటే చూస్తూ, "ఇగ పేపర్ల ఎప్పుడొస్తది?" అన్నాడు.

రెండున్నర నెలలుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది. "రాదు బావా. ఎడిషన్ ఎత్తేసిండ్రు. నవంబర్లనే."

"ఎర్కే."

"ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వొచ్చిన రోజే జమున ఫోన్ జేసింది మీ అక్కకు."

"మరి ఒక్కమాట అడగలేదేంది?"

"నువ్వు విప్పలే, మేము అడగలే" అన్నాడు. "ఇప్పుడైతె రాసుడు బంజెయ్యకు. నా ఫొటో లేకున్న మంచిదే."

మీసానికి రంగు వేసుకుని వచ్చాడు. ఆ మాట నేను ఎత్తలేదు.

దుమ్ములో బండ్లు కలిసిపోయాయి. శబ్దాన్ని బట్టి మా బండిని గుర్తుపట్టడం నాకూ వచ్చింది. ఆఖరి చుట్టులో అది మలుపు వైపు వస్తుంటే బావ రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వింటున్నాడు.

శబ్దం ఆగలేదు. మలుపులో వెనక చక్రం కొంచెం జారింది, ఆమె సర్దుకుంది, యాక్సిలరేటర్ వదల్లేదు. మట్టి పెళ్లలు మా మీద పడ్డాయి. నాలుగో స్థానంలో ఉంది, అక్కడే ముగించింది.

"చూసినవా?" అన్నాడు బావ కళ్లు తెరిచి. "బ్రేకు తొక్కిందా?"

"తొక్కలేదు."

ఇంకొకటి కూడా చూశాను. ఆయన అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మలుపు దాటి మా ముందు నుంచి పోయేటప్పుడు ఎడమ చేతి వేళ్లు నాలుగూ గ్రిప్పు చుట్టూ ఉన్నాయి. క్లచ్ మీద ఒక్కటీ లేదు.